పాత లారీకి ఏసీ: చల్లదనం డ్రైవరుకు, గాలి గూళ్ళకు



బండి, లోడు కలిపి 3.5 టన్నులు దాటే కొత్త లారీల క్యాబిన్‌లో ఏసీ ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2023 డిసెంబరులో ఉత్తర్వు ఇచ్చింది. 2025లో అది అమల్లోకి వచ్చింది. ఆ రూలు కొత్త బండ్లకే. మేల్పాడి, గుడియాత్తం పక్క మనం గూళ్ళు తోలేది చాలావరకు పాత టాటా లారీల్లోనూ, 1986లో వచ్చిన 407 రకం బండ్లలోనూ. కత్తిరి ఎండలు వస్తే చాలు, "పాత బండికి ఏసీ పెట్టుకోవచ్చా, అట్లే వెనకాల లోడుకూ చల్లదనం ఇవ్వొచ్చా?" అని అందరూ అడుగుతారు. మొదటిదానికి జవాబు: పెట్టుకోవచ్చు, కొన్ని చూసుకోవాలి. రెండోదానికి జవాబు: వద్దు. ఎందుకో చెప్తాము.

ఏసీ ఎట్లా పని చేస్తుంది?

మట్టికుండలో నీళ్ళు ఎందుకు చల్లగా ఉంటాయి? కుండ పైన చెమ్మ ఆవిరవుతూ వేడిని తీసుకొని పోతుంది. ఏసీలోనూ అదే కథ. క్యాబిన్‌లోని కూలింగ్ కాయిల్‌లో గ్యాసు ద్రవం ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుంటుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కి ముందున్న కండెన్సర్‌కు పంపుతుంది. అక్కడ వేడి బయటికి పోయి గ్యాసు మళ్ళీ ద్రవం అవుతుంది. అంటే ఏసీ చల్లదనాన్ని పుట్టించదు, లోపలి వేడిని బయట పారేస్తుంది. అందుకే లోపలికి వేడి ఎంత తక్కువ వస్తే ఏసీకి అంత తక్కువ పని.

ముందు వేడిని ఆపండి

పాత లారీల్లో ఇంజను సగం క్యాబిన్‌లోనే ఉంటుంది. దాని మూత మీద చెయ్యి పెడితే కాలుతుంది. మూత లోపల వేడి తట్టుకునే ఇన్సులేషన్ షీటు అంటించండి. పెడళ్ళ దగ్గర, గేరురాడ్డు దగ్గర ఉండే సందులు మూయండి. తలుపు రబ్బర్లు కొత్తవి వేయండి. పైకప్పుకు తెల్ల పెయింటు, లోపల ఇన్సులేషన్ పెట్టండి. ఈ పని చేయకుండా ఏసీ బిగిస్తే, గట్టు తెగిన మడికి నీళ్ళు పెట్టినట్టే.

బండికి బలం ఉందా?

1. ఇంజను. కంప్రెసర్ సుమారు 3 నుంచి 5 హార్స్‌పవర్ తింటుంది. మన బోరు మోటారు లెక్కన ఆలోచించండి, ఆ బరువంతా బెల్టు ద్వారా ఇంజను మీదే పడుతుంది. పొగ కక్కుతూ, ఆయిలు తాగుతూ ఉండే ఇంజనుకు ముందు ఆ రిపేరు చేయించండి.

2. కరెంటు. బ్లోయరు, కండెన్సర్ ఫ్యాను, కంప్రెసర్ క్లచ్చు మూడూ కరెంటుతో నడుస్తాయి. రాత్రిపూట హెడ్‌లైట్లు కూడా వెలుగుతుంటాయి. పాత డైనమో ఉంటే ఈ బరువు మోయలేదు, పెద్ద ఆల్టర్నేటర్ కావాలి. బండి 12 వోల్టులా, 24 వోల్టులా చూసి దానికి సరిపోయే సామాన్లే కొనండి. ప్రతి లైనుకూ ఫ్యూజు, రిలే ఉండాలి.

3. రేడియేటర్. కండెన్సర్‌ను రేడియేటర్ ముందర పెడతారు కాబట్టి, రేడియేటర్‌కు వేడి గాలి తగులుతుంది. మైదానంలో తెలియదు. పేర్ణాంబట్టు దాటి వి.కోట ఘాటు ఎక్కేటప్పుడు ముల్లు పైకి లేస్తుంది. ముందే రేడియేటర్ శుభ్రం చేయించి, కండెన్సర్‌కు వేరే ఫ్యాను పెట్టించండి. ఘాటు ఎక్కేటప్పుడు ఏసీ ఆపి, పైకి ఎక్కినాక వేసుకోండి.

బిగించేటప్పుడు

కంప్రెసర్ పెట్టే బ్రాకెట్ గట్టిగా ఉండాలి, పుల్లీలు ఒకే గీతలో ఉండాలి. లేకపోతే అదురుకు బెల్టు తెగుతుంది. గ్యాసు నింపే ముందు వ్యాక్యూమ్ పంపుతో కనీసం అరగంట గాలి, తేమ లాగాలి. డ్రయర్ కొత్తదే వేయాలి. గ్యాసును తూకం వేసి నింపాలి, అందాజుగా కాదు.

ఎక్కడో పాత బండి నుంచి తీసిన ఏసీ సెట్టు చవగ్గా దొరికితే, అది ఏ గ్యాసుదో అడగండి. పాత ఆర్ 12 గ్యాసు ఓజోన్ పొరను పాడు చేస్తుందని 1987 మాంట్రియల్ ఒప్పందం కింద ఆపేశారు. తర్వాత వచ్చినది ఆర్ 134ఎ. రెండింటికీ ఆయిలు వేరు, కలిపితే కంప్రెసర్ పోతుంది. వంట గ్యాసు నింపుతామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. క్యాబిన్‌లో లీకయితే ఒక్క నిప్పురవ్వ చాలు.

కప్పు కోయడం, బాడీ మార్చడం ఉంటే ముందే ఆర్.టి.ఓ. ఆఫీసులో అడగండి. లేకపోతే ఎఫ్.సి. రోజు ఇబ్బంది పడతారు.

వెనకాల లోడుకు ఎందుకు వద్దు?

1902లో అమెరికాలో విల్లిస్ క్యారియర్ మొదటి ఏసీ చేసింది మనుషుల చల్లదనం కోసం కాదు. బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో తేమకు కాగితం సాగిపోతుంటే, ఆ తేమ తగ్గించడానికి. ఏసీ గుణమే అది, గాలిలో నీటిని లాగేస్తుంది. కూలింగ్ కాయిల్ కింద పైపులో కారే నీళ్ళు ఆ తేమే.

మన చాకీ పురుగులకు 26 నుంచి 28 డిగ్రీల వేడితో పాటు 80 నుంచి 90 శాతం తేమ కావాలి. రెండో జ్వరంలో ఉన్న పురుగులకు ఎండు చల్లగాలి తగిలితే పొర సరిగా విడవదు, ఆకు వాడిపోతుంది. నష్టం ఆ రోజు కనబడదు, నాలుగో జ్వరంలో కనబడుతుంది.

గూళ్ళ సంగతి ఇంకొకటి. లోపల ప్యూపా బతికే ఉంటుంది. ఊపిరి తీసుకుంటుంది, వేడినీ చెమ్మనూ వదులుతుంది. టార్పాలిన్‌తో బిగించి లోపలికి ఏసీ పైపు పెడితే, ఏసీ ఆగిన కాసేపటికే లోపల చెమట పడుతుంది. గూడు మెత్తబడుతుంది, మరక పడుతుంది, దారం సరిగా రాదు. మార్కెట్టులో చేతితో నొక్కి చూసేవాడికి వెంటనే తెలిసిపోతుంది.

లోడును నిజంగా చల్లబరిచే లారీలు వేరే ఉన్నాయి. 1930ల చివర్లో అమెరికాలో ఫ్రెడరిక్ మెకిన్లీ జోన్స్ అనే ఆయన లారీకి బిగించే శీతల యంత్రం తయారు చేశాడు. అంతవరకు ఐసు గడ్డలే దిక్కు. అది క్యాబిన్ ఏసీ కాదు. ఆ రకం యంత్రాలకు సొంత ఇంజను, వేడి చొరబడని మూసిన పెట్టె ఉంటాయి. మాంసానికి, పళ్ళకు అది బాగు. ఊపిరి తీసే గూళ్ళకు మూసిన పెట్టె పనికిరాదు.

లోడుకు మనం చేయవలసింది

గూళ్ళను గాలి ఆడే సంచుల్లో వదులుగా నింపండి. సంచి మీద సంచి ఎత్తుగా పేర్చకండి, మధ్యలో సందు వదలండి. పైన నీడ, పక్కల గాలి ఉండాలి. చాకీ ట్రేలను తెల్లవారుజామున గాని, పొద్దు వాలినాక గాని తోలండి. ఎండ ఎక్కువైతే పక్కన తడి గోనెపట్ట కట్టండి, నీళ్ళు ట్రేల మీద కారకూడదు. పురుగుమందు మోసిన బండిని కడగకుండా చాకీకి వాడొద్దు.

రామనగరం మార్కెట్టుకు రాత్రంతా బండి తోలే డ్రైవరు వేడికి కునుకు తీస్తే, నెల రోజుల కష్టంతో పాటు ప్రాణమే పోతుంది. కాబట్టి ఏసీ ఆయనకు దండగ ఖర్చు కాదు. డబ్బు తక్కువగా ఉంటే ఈ సంవత్సరం ఇన్సులేషన్, రేడియేటర్, ఆల్టర్నేటర్ పనులు చేయించండి. ఆ మూడూ బాగుంటే వచ్చే ఎండాకాలానికి ఏసీ నిలబడుతుంది. బండి మోడలు, వోల్టు వివరాలు గ్రూపులో పెట్టండి, తెలిసినవాళ్ళు జవాబు చెప్తారు.