ఒక్కరు కాదన్నా పంపకం ఆగదు

నాన్న పోయాక ఇల్లూ పొలమూ అందరి ఉమ్మడిగా మిగులుతాయి. ఒకరు 'ఇప్పుడు పంపకాలేంటి' అని అడ్డం తిరిగితే చాలు, మిగతావాళ్లు ఆ ఒక్క సంతకం కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూస్తారు. అంత అవసరమే లేదు. వాటా ఎంత చిన్నదైనా సరే, అది ఉన్న ఎవరైనా సివిల్ కోర్టులో భాగపంపకాల దావా వేయొచ్చు. ఈ దావాలో వాది, ప్రతివాది అనేది పేరుకే. ప్రతివాదిగా ఉన్న చెల్లెలు కూడా తన వాటాకు కోర్టు ఫీజు కట్టి, అదే కేసులో తన భాగం విడదీయమని అడగొచ్చు.

డిక్రీ రెండుసార్లు వస్తుందని తెలుసా? మొదటిది ప్రిలిమినరీ డిక్రీ. ఎవరికెంత వాటా అన్నది మాత్రమే అది తేలుస్తుంది. ఆ తర్వాత అడ్వొకేట్ కమిషనర్ సర్వేయర్‌ని వెంటబెట్టుకుని వస్తాడు. బోరు ఎవరి వైపు పడాలి, బండి దారి ఎటునుంచి వదలాలి, రోడ్డు పక్క ముక్కకు విలువ ఎక్కువ కాబట్టి వెనక ముక్కకు ఎన్ని సెంట్లు కలపాలి అన్నవన్నీ కొలిచి రిపోర్టు ఇస్తాడు. దానిమీద అభ్యంతరాలు విన్నాకే తుది డిక్రీ. శిస్తు భూమైతే ఆ విభజన పని కలెక్టరుకు వెళుతుంది. మొదటి డిక్రీ రాగానే గెలిచామనుకుని ఇంటికెళ్లిపోయే కుటుంబాలు ఎన్నో. కేసులు మూలనపడేది అక్కడే. ఈ బాధ చూసే 2022లో సుప్రీంకోర్టు, మళ్లీ పిటిషన్ కోసం చూడకుండా ట్రయల్ కోర్టులే కేసును తుది డిక్రీ వైపు నడపాలని చెప్పింది.

మూడు గదుల పెంకుటింటిని ఐదుగురికి ఎలా పంచుతారు? దీనికి 1893 నాటి పార్టిషన్ చట్టం ఇప్పటికీ పనికొస్తోంది. సగం లేదా అంతకు మించి వాటా ఉన్నవారు కోరితే, పంచడానికి వీలుకాని ఆస్తిని అమ్మించి డబ్బు పంచమని కోర్టు ఆదేశించవచ్చు. పుట్టిల్లు పోతుందన్న బెంగ ఉన్నవారికీ అందులోనే దారి ఉంది: కోర్టు కట్టిన విలువకు ఆ వాటాలు తామే కొంటామని అడగొచ్చు. ఇద్దరు పోటీపడితే, విలువకు మించి ఎవరు ఎక్కువిస్తే వారికే.

విసుగెత్తిన అన్న తన వాటాను బయటివాడికి అమ్మేస్తే? ఉమ్మడి కుటుంబం ఉంటున్న ఇంట్లోకి ఆ కొన్నవాడు వచ్చి కాపురం పెట్టలేడు. అతను పంపకానికి దావా వేస్తే, ఆ వాటాను తిరిగి కొనుక్కునే హక్కు ఇంటివారికి ఉంది.

'పెళ్లప్పుడు పసుపుకుంకుమల కింద ఎకరం ఇచ్చాం, ఇక నీకేముంది' అన్న మాట చాలా ఇళ్లలో వింటాం. పెళ్లిలో ఇచ్చినదానితోనే వాటా చెల్లిపోదు. పిత్రార్జితంలో ఆడపిల్లలకు సమాన హక్కు ఇవ్వడంలో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశానికే ముందు నడిచింది. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు అది దక్కింది. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన కేంద్ర సవరణ పెళ్లైనవారికీ వర్తించింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను మాత్రం కదల్చలేరు.

పాసుపుస్తకం అన్న ఒక్కడి పేరునే ఉన్నా, పన్ను అతనే కట్టినా మిగతావారి వాటా పోదు. కానీ 'నీకు హక్కే లేదు' అని బాహాటంగా కాదన్న రోజు తేలిగ్గా తీసుకోకండి. అక్కడినుంచి పన్నెండేళ్ల గడువు నడుస్తుంది.

ఇక పెద్దమనుషుల సమక్షంలో నోటిమాటగా జరిగిన పంపకమూ చెల్లుతుంది. జరిగిపోయినదాన్ని గుర్తుకోసం రాసుకున్న కాగితానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆ కాగితంతోనే పంచుకుంటే మాత్రం రిజిస్టర్ చేయించాల్సిందే. కేసు నడుస్తుండగా లోక్ అదాలత్‌లో రాజీపడితే కోర్టు ఫీజు వాపసు వస్తుంది, ఆ అవార్డుమీద అప్పీలు ఉండదు. రాజీ పత్రంమీద అందరి సంతకాలూ ఉండాలి. అమెరికాలో ఉన్న తమ్ముడు పవర్ ఆఫ్ అటార్నీ పంపితే, అది ఇక్కడికి అందిన మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టించండి.