ఓర్లాండోలో ఎక్కడ దిగుదాం?

పిల్లలకు బడి సెలవులు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు. అమెరికాలోని తెలుగు ఇంట్లో ఈ రెండూ కలిశాయంటే ఫ్లోరిడాలోని ఓర్లాండో ప్రయాణం మాట వచ్చి తీరుతుంది. అక్కడి థీమ్ పార్కుల టికెట్లు ఎటూ కొనాల్సిందే. తర్జనభర్జనంతా బస దగ్గరే. డిస్నీ సొంత హోటల్లో దిగాలా, పావుగంట దూరంలో బాగా చవగ్గా దొరికే గదిలోనా?

వాల్ట్ డిస్నీ వరల్డ్ తెరుచుకున్న 1971 అక్టోబరులోనే కాంటెంపరరీ, పాలినేసియన్ హోటళ్లూ మొదలయ్యాయి. డిస్నీ హోటళ్లలో దిగినవాళ్లకు ఒకప్పుడున్న సౌకర్యాలన్నీ ఇప్పుడు లేవు. విమానాశ్రయం నుంచి ఉచితంగా తీసుకొచ్చే బస్సును 2022 జనవరిలో ఆపేశారు. మిగిలినవాటిలో గొప్పగా చెప్పేది, రోజూ అందరికన్నా అరగంట ముందు పార్కులోకి పంపడం. పొద్దున్నే లేచి గేటు దగ్గర నిలబడగలిగితే రద్దీ రైడ్లు ఒకటో రెండో ఆ అరగంటలోనే అయిపోతాయి. తీరిగ్గా టిఫిన్ చేసి బయల్దేరే కుటుంబానికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

నా లెక్కలో ఆ హోటళ్ల అసలు విలువ తెలిసేది మధ్యాహ్నం పూటే. డిస్నీ పార్కుల్లో మ్యాజిక్ కింగ్‌డమ్‌నే చూడండి. బయటి నుంచి కారులో వెళ్తే పార్కింగ్ పార్కు ముందు ఉండదు, సరస్సుకు అవతలి ఒడ్డున ఉంటుంది. కారు దిగి, సెక్యూరిటీ తనిఖీ దాటి, మోనోరైలో ఫెర్రీయో ఎక్కితేగానీ గేటు రాదు. జులైలో ఒంటిగంటకల్లా ఎండ మాడ్చేస్తుంది, ఆపైన ఉరుములతో వాన. స్ట్రోలర్‌లో పిల్ల నిద్రపోతోంది, తాతయ్యకు మోకాళ్లు లాగుతున్నాయి. అదంతా వెనక్కి దాటి గదికెళ్లి, కాసేపు పడుకుని, సాయంత్రం మళ్లీ రావడానికి ఎవరికి ఓపికుంటుంది? డిస్నీ హోటల్ బస్సయితే గేటు దగ్గరే ఎక్కించుకుంటుంది. కాంటెంపరరీ నుంచి నడిచే వెళ్లొచ్చు. పాప్ సెంచరీ లాంటి చవక హోటల్లో దిగినా మరో రెండు డిస్నీ పార్కులైన ఎప్‌కాట్‌కూ హాలీవుడ్ స్టూడియోస్‌కూ స్కైలైనర్ కేబుల్ కారు ఉంది. పసివాళ్లూ పెద్దవాళ్లూ ఉన్న ఇంటికి ఆ రెండు గంటల కునుకు కోసం ఎక్కువ పెట్టినా నేను తప్పనను.

బయటి గది ధరను మాత్రం పైపైన చూసి మురిసిపోవద్దు. రిసార్ట్ ఫీజు లాంటి తప్పనిసరి రుసుములన్నీ మొదట చూపే ధరలోనే కలపాలని 2025 మేలో ఫెడరల్ నిబంధన వచ్చింది. అదో మేలు. కానీ పన్నులు విడిగా పడొచ్చు, హోటల్లో పార్కింగ్‌కు వేరే తీసుకోవచ్చు. పార్కు దగ్గర కారు పెట్టడానికి రోజుకు 30 డాలర్లకు తగ్గదు. డిస్నీ హోటల్లో దిగినవాళ్లకు ఈ రెండు చోట్లా పార్కింగ్ ఉచితం.

అయితే ఆరుగురో ఎనిమిదిమందో ఉంటే లెక్క పూర్తిగా తిరగబడుతుంది. డిస్నీ చవక హోటళ్లలో మామూలు గది నలుగురికే. కిసిమీ, డావెన్‌పోర్ట్ వైపు నాలుగైదు పడకగదుల ఇళ్లు రోజువారీ అద్దెకు దొరుకుతాయి. వంటగది, వాషింగ్ మెషీన్, చాలావాటికి స్విమ్మింగ్ పూల్ కూడా. రెండు రోజులు పిజ్జా తిన్న అమ్మమ్మకు రైస్ కుక్కర్లో అన్నం, చారు, పెరుగు దొరకడం చిన్న విషయం కాదు. శాకాహారులకైతే మరీను. మధ్యాహ్నపు కునుకు వదులుకోగలిగితే ఇల్లే గిట్టుబాటు.

ఓర్లాండోలోని మరో థీమ్ పార్కుల సముదాయం యూనివర్సల్‌కు వెళ్లేవాళ్లు ఇంకో లెక్క వేసుకోవాలి. అక్కడి పోర్టొఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్ హోటళ్లలో గది తీసుకుంటే, అందులో ఉండే అందరికీ క్యూ తప్పించే ఎక్స్‌ప్రెస్ పాస్ గది అద్దెలోనే వస్తుంది. దిగిన రోజూ ఖాళీ చేసే రోజూ కూడా చెల్లుతుంది. అంటే ఒక్క రాత్రి అద్దెకు రెండు రోజుల పాసులు. రద్దీ రోజుల్లో నలుగురికి ఆ పాసులు విడిగా కొంటే చాలాసార్లు గది అద్దెను మించిపోతుంది. పొద్దున్నే వెళ్లి రిసెప్షన్‌లో పేరు నమోదు చేయించుకుంటే చాలు, గది సిద్ధం కాకపోయినా పాసులు చేతికిస్తారు. 2025 మే 22న తెరిచిన ఎపిక్ యూనివర్స్‌లో మాత్రం ఈ పాస్ చెల్లదు. పిల్లలు ఆ కొత్త పార్కు కోసమే వస్తుంటే ఈ ఖరీదైన గది జోలికి పోనక్కర్లేదు.