నడినెత్తి దారి: కృష్ణా డెల్టాలో షార్ట్‌వేవ్ రేడియో

కృష్ణానది పులిగడ్డ దగ్గర చీలి, రెండు పాయల నడుమ దివిసీమను నిలిపి సముద్రంలో కలుస్తుంది. ఆ సీమకూ, పక్కనున్న బందరుకూ, కాస్త ఎగువనున్న గుడివాడకూ వార్తలు మోసుకొచ్చిన సాధనాలలో స్తంభాలమీద సాగే తీగ చాలాకాలం ముఖ్యమైనదిగా ఉండేది. పెద్ద తుపాను వచ్చినప్పుడు ముందుగా తెగిపడేదీ అదే. 1864 నవంబరు 1 నాటి ఉప్పెన బందరు ప్రాంతంలో దాదాపు 30 వేలమందిని బలిగొన్నది. 1977 నవంబరు 19న సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన సముద్రం దివిసీమ ఊళ్ళను ముంచెత్తినప్పుడు మృతుల సంఖ్య అధికారిక లెక్కల్లోనే పది వేల దరిదాపుకు చేరింది. టెలిఫోను, టెలిగ్రాఫు తీగలు నేలకూలడంతో ఆ విధ్వంసం ఎంతటిదో పైవారికి వెంటనే తెలియలేదు. స్తంభాల అవసరం లేకుండానే వందల కిలోమీటర్లు దాటగల షార్ట్‌వేవ్ రేడియో కథ ఈ నేలకు ప్రత్యేకంగా సంబంధించినది కావడానికి కారణం ఇదే.

సెకనుకు 30 లక్షల నుంచి 3 కోట్ల సార్లు కంపించే రేడియో తరంగాలను, అంటే 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ వరకు ఉన్నవాటిని, షార్ట్‌వేవ్ అంటారు. వాటి పొడవు 100 మీటర్ల నుంచి 10 మీటర్ల వరకు ఉంటుంది. దూరం పోవాలంటే తరంగం పొడవుగా ఉండాలని నమ్మిన కాలంలో, 1912 నాటి అమెరికా చట్టం అభిరుచికొద్దీ ప్రసారాలు చేసే ఔత్సాహికులను 200 మీటర్లకు దిగువకు, పనికిరానిదని అందరూ అనుకున్న చోటికి నెట్టివేసింది. అక్కడే వారు పట్టుదలతో ప్రయోగాలు చేస్తూపోయారు. 1923 నవంబరులో ఫ్రాన్సులోని నీస్ నగరం నుంచి లియోన్ డెలోయ్, అమెరికాలోని ఫ్రెడ్ ష్నెల్ దాదాపు 100 మీటర్ల తరంగంమీద అట్లాంటిక్‌కు ఇరువైపుల నుంచీ సందేశాలు ఇచ్చిపుచ్చుకోగలిగారు. పెద్ద కంపెనీలు భారీ యంత్రాలతో సాధిస్తున్నదానిని కొద్దిపాటి శక్తితో సాధించిన ఈ ఘటనను విజ్ఞాన చరిత్రలో ఔత్సాహికులకు దక్కిన గొప్ప విజయాలలో ఒకటిగా లెక్కించాలి.

అంత చిన్న తరంగం భూమి వంపును దాటి ఎలా పోగలిగింది? ఆకాశంలో విద్యుత్తును ప్రవహింపజేసే పొర ఉండవచ్చునని హెవిసైడ్, కెన్నెలీ 1902లోనే ఊహించారు. 1924లో ఆపిల్టన్ ప్రయోగపూర్వకంగా దానిని నిరూపించాడు. సూర్యకిరణాల ధాటికి వాయు అణువులు ఎలక్ట్రాన్లను కోల్పోగా ఏర్పడే ఈ ప్రాంతాన్ని అయనావరణం అంటారు. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్త భవరాజు రామచంద్రరావు తన శిష్యులతో కలిసి దీనిమీద పరిశోధన సాగించాడు. భూమికి 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తునుండే డి పొర పగటిపూట తక్కువ పౌనఃపున్యాలను పీల్చివేస్తుంది, పొద్దు గూకగానే మాయమవుతుంది. అందుకనే దూరపు స్టేషన్లు చీకటిపడ్డాక ఒక్కొక్కటిగా పలకడం మొదలుపెడతాయి. దానికి పైన, 150 నుంచి 400 కిలోమీటర్ల మధ్య రాత్రివేళ కూడా నిలిచివుండే ఎఫ్ పొర తరంగాలను వంచి తిరిగి నేలకు పంపుతుంది.

డెల్టా ఊళ్ళలో ఈ శాస్త్రం రేడియో పెట్టె రూపంలో అడుగుపెట్టింది. 1980లలో రద్దయ్యేదాకా రేడియోకు కూడా లైసెన్సు ఉండేది, పోస్టాఫీసులో ఏటా రుసుము కట్టవలసి వచ్చేది. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి మీడియం వేవ్‌మీద వినిపించేది. షార్ట్‌వేవ్ బ్యాండుకు మార్చి ముల్లును నెమ్మదిగా జరిపితే రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై తెలుగు వ్యాఖ్యానంతో సినిమా పాటలు, రేడియో మాస్కో తెలుగు ప్రసారాలు దొరికేవి. హైదరాబాదు ఆకాశవాణి సాయంత్రాలు 4800 కిలోహెర్ట్జ్‌మీద, అంటే 62.5 మీటర్ల తరంగంమీద వచ్చేది. ఉష్ణమండలంలో మెరుపుల గరగర మీడియం వేవ్‌ను ఎక్కువగా చెడగొడుతుంది కనుక, అలాంటి దేశాలకే ఈ బ్యాండును ప్రత్యేకించారు.

పెట్టెలోని యంత్రాంగం 1918లో ఆర్మ్‌స్ట్రాంగ్ రూపొందించిన సూపర్‌హెటరోడైన్ పద్ధతిమీద నడుస్తుంది. శ్రోత నాబ్ తిప్పినప్పుడు లోపలి గ్యాంగ్ కండెన్సర్ రేకులు ఒకదానిలోకి ఒకటి జారుతూ, వచ్చే తరంగాన్ని ఎంచుకోవడంతోపాటు రేడియోలోనే పుట్టే మరో తరంగాన్ని కూడా దానికి తగినట్టు మారుస్తాయి; ఆ రెండింటి కలయికనుంచి ఏ స్టేషనుకైనా ఒకటే అయిన 455 కిలోహెర్ట్జ్ తరంగం వెలువడుతుంది, దానిని వడకట్టి పెంచడం సులువు. షార్ట్‌వేవ్‌లో వెంట్రుకవాసి కదలికకే స్టేషను తప్పిపోతుంది కాబట్టి ఈ వినికిడికి ఓర్పు కావాలి. అలా విన్న కార్యక్రమం వివరాలు, సమయం, స్పష్టత రాసి పంపితే స్టేషను తన పేరు, పౌనఃపున్యం అచ్చువేసిన క్యూఎస్ఎల్ కార్డుతో ధ్రువీకరిస్తుంది. ఆకాశవాణి ప్రాంతీయ షార్ట్‌వేవ్ ప్రసారాలు ఒక్కొక్కటిగా ఆగిపోయాక ఈ వినోదంలో పెద్ద భాగం తెలుగువారికి దూరమైంది. అది నిజంగా నష్టమే.

వినడంతో ఆగక మాట్లాడదలచినవారిది హామ్ రేడియో. 12 ఏళ్ళు నిండినవారెవరైనా కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ పరీక్ష రాసి వియు2, వియు3 అక్షరాలతో మొదలయ్యే కాల్‌సైన్, అంటే గాలిలో తమ పేరుగా చెలామణీ అయ్యే సంకేతం, పొందవచ్చు. తెలుగునాట ఈ విద్యకు కేంద్రం హైదరాబాదులో 1983లో ఎస్. సూరి స్థాపించిన జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ. ఆ సంస్థకు చెందిన భారతి ప్రసాద్ బృందం 2004 డిసెంబరులో ప్రపంచ హామ్‌లతో సంభాషించేందుకు అండమాన్ వెళ్ళివుండగా 26న సునామీ వచ్చింది. అభిరుచి సంభాషణలు ఆపి, వారు పోర్ట్ బ్లెయిర్ నుంచి బాధితుల క్షేమ సమాచారాన్ని బయటికి చేరవేశారు.

అలాంటి ఆపదే డెల్టాకు వచ్చి, కబురు హైదరాబాదుకు చేరాలనుకుందాం. బందరు నుంచి అక్కడికి తిన్నగా సుమారు 310 కిలోమీటర్లు. చేతిలో ఇమిడే వీహెచ్ఎఫ్ సెట్టు దాదాపు కంటిచూపు మేరకే పనిచేస్తుంది, పది మీటర్ల ఎత్తున ఏరియల్ ఉన్నా దానికి దిగంతం సుమారు 13 కిలోమీటర్లే. 14 మెగాహెర్ట్జ్‌మీద యూరప్ చక్కగా వినిపిస్తున్న వేళ కూడా, వాలుగా పోయి పైపొరనుంచి వంగిన తరంగం హైదరాబాదు నెత్తిమీదుగా దాటిపోయి మరింత దూరాన దిగుతుంది. 310 కిలోమీటర్లకు కావలసింది ఇంచుమించు నిటారుగా పైకిపోయి, గొడుగులా చుట్టూ దిగివచ్చే తరంగం. దానికి 20 మీటర్ల రాగి తీగ చాలు. మధ్యకు విరిచి, చెరో పది మీటర్లనూ రెండు సరుగుడు గెడలకో కొబ్బరి చెట్లకో నైలాన్ తాడుతో లాగి, ఐదారు మీటర్ల ఎత్తున కట్టి, నడుమనుంచి కేబులు దింపితే 7 మెగాహెర్ట్జ్ ఏరియల్ సిద్ధమవుతుంది. కరెంటు పోయినా 12 వోల్టుల బ్యాటరీ దీన్ని నడుపుతుంది. మాట సరిగా వినబడనప్పుడు మోర్స్ సంకేతాలు అక్కరకొస్తాయి. మాటకు కావలసిన పౌనఃపున్యాల వెడల్పులో పదో వంతు కూడా వాటికి పట్టదు, కాబట్టి అదే శక్తి ఇరుకైన దారిలో కేంద్రీకృతమై గరగరను దాటుకుని వినిపిస్తుంది.

తీరంలో అసలు శత్రువు ఉప్పుగాలి. టంకం వేసి మూయని అతుకు కొద్ది నెలలకే పచ్చటి చిలుము పట్టి, శబ్దం తగ్గుతూ వస్తుంది. విద్యుత్తు స్తంభాల పింగాణీమీద ఉప్పు పేరుకుంటే అక్కడ పుట్టే నిప్పురవ్వల రొద రేడియోలో చేరుతుంది. అయితే ఆ ఉప్పునీరే మరో మేలు చేస్తుంది. మామూలు నేలకన్నా సముద్రపు నీరు విద్యుత్తును వెయ్యిరెట్ల దరిదాపున బాగా ప్రవహింపజేస్తుంది కనుక, హంసలదీవివంటి చోట నీటి అంచున నిలువు ఏరియల్ నాటితే, దిగంతాన్ని ఒరుసుకుంటూ పోయే తరంగాలు ఖండాలు దాటడానికి అదే అనువైన నేల. హైదరాబాదు కోసం మాత్రం అడ్డంగా కట్టిన తీగే మేలు. పగలు 7 మెగాహెర్ట్జ్‌తో మాట్లాడి, ఎఫ్ పొర పలచబడే రాత్రివేళ 3.5 మెగాహెర్ట్జ్‌కు మారాలి. అప్పుడు తీగ పొడవు 40 మీటర్లు అవుతుంది.