ధర, విలువ: ఉత్తరాంధ్ర యువ ఆల్‌రౌండర్ల ఐపీఎల్ ఒప్పందాలు – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

వేలంలో పలికిన ధరను ఆటగాడి ప్రతిభకు కొలమానంగా భావించడం సాధారణం. ఉత్తరాంధ్రకు చెందిన ఇద్దరు యువ ఆల్‌రౌండర్లు నితీశ్‌కుమార్ రెడ్డి, త్రిపురాన విజయ్‌ల ఒప్పందాల ఆధారంగా ఈ వ్యాసం ఆ భావనను పరిశీలిస్తుంది. ధరను నిర్ణయించడంలో ప్రదర్శనతో పాటు నియమావళికీ, జట్టు అవసరాలకూ ప్రధాన పాత్ర ఉందని, యువ ఆటగాడి విలువను అతనికి దక్కిన అవకాశాల నిష్పత్తిలో అంచనా వేయాలని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఆల్‌రౌండర్, వేలం, కనీస ధర, మ్యాచ్ ఫీజు, ఉత్తరాంధ్ర, ఐపీఎల్.

1. ఉపోద్ఘాతం

ఉత్తరాంధ్రకు క్రికెట్‌తో ఉన్న సంబంధం సంస్థానాల కాలం నాటిది. విజయనగర రాజవంశీయుడైన ‘విజ్జీ’ 1930-31లో జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ వంటి ఇంగ్లండు దిగ్గజాలను రప్పించి తన జట్టులో ఆడించారు. 1936లో ఇంగ్లండులో పర్యటించిన భారత జట్టుకు ఆయనే నాయకుడు. ఆ పర్యటనలోని మూడు టెస్టుల్లో ఆయన చేసిన పరుగులు 33 మాత్రమే. నాయకత్వం ఆయనకు దక్కింది హోదా వల్లనే గాని ఆట వల్ల కాదు. ఆనాడు ఆటగాని స్థానాన్ని పోషకుని ఆదరణ నిర్ణయించేది. నేడు వేలంపాట నిర్ణయిస్తోంది. ఈ మార్పు వల్ల సామాన్య కుటుంబాల యువకులకు ద్వారాలు తెరుచుకున్నాయి. అయితే వేలం ధర ప్రతిభను యథాతథంగా చూపుతుందా అన్న ప్రశ్న మిగిలే ఉంది.

2. రెండు పనుల ఆటగాణ్ణి కొలవడంలోని చిక్కు

ఒకే నైపుణ్యం గల ఆటగాణ్ణి కొలవడం కొంత సులభం. రెండు పనులు చేసేవాని విషయంలో లెక్క జటిలమవుతుంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ‘టైట్ ఎండ్’ అనే స్థానం ఇందుకు ఉదాహరణ. ఆ ఆటగాడు బంతిని అందుకోవాలి, ప్రత్యర్థులను అడ్డుకోవాలి. అందుకున్న బంతులు గణాంకాలకు ఎక్కుతాయి. అడ్డుకున్న శ్రమ చాలావరకు ఎక్కదు. పైగా అక్కడి నూతన ఆటగాళ్ల తొలి వేతనాన్ని ప్రధానంగా ఎంపికలో వారికి దక్కిన వరుస స్థానమే నిర్ణయిస్తుంది.

క్రికెట్‌లో ఆల్‌రౌండర్‌ది ఇటువంటి స్థితే. ఇరవై ఓవర్ల ఆటలో ఒక బౌలర్ నాలుగు ఓవర్లకు మించి వేయరాదు. కనుక జట్టుకు కనీసం ఐదుగురు బౌలర్లు కావాలి. ఆ ఐదుగురిలో ఒకడు నిలకడగా బ్యాటింగు చేయగలిగితే, ఆ జట్టు అదనంగా ఒక బ్యాటర్‌తో ఆడినట్లే. ఈ అదనపు లాభం ఆల్‌రౌండర్ పరుగుల పట్టికలోనూ కనిపించదు, వికెట్ల పట్టికలోనూ కనిపించదు. 2023లో ప్రవేశపెట్టిన ‘ఇంపాక్ట్ ప్లేయర్’ నియమం ఆట మధ్యలో ఒకరిని మార్చుకునే వీలు కల్పించి ఈ లాభాన్ని కొంత తగ్గించింది. ఆటగాని నైపుణ్యం మారకపోయినా నియమం మారితే అతని విలువ మారుతుందనడానికి ఇది నిదర్శనం.

3. నితీశ్‌కుమార్ రెడ్డి: 20 లక్షల నుండి 6 కోట్లకు

విశాఖపట్నానికి చెందిన నితీశ్ 2017-18 విజయ్ మర్చంట్ ట్రోఫీలో 1,237 పరుగులు చేసి అండర్-16 స్థాయిలో దేశం దృష్టిని ఆకర్షించాడు. 2023లో సన్‌రైజర్స్ హైదరాబాద్ అతణ్ణి 20 లక్షల రూపాయలకు తీసుకుంది. 2024లో అతడు 13 మ్యాచ్‌లలో 303 పరుగులు చేశాడు. స్ట్రైక్‌రేట్ దాదాపు 143. ఆ ఏటి ఉత్తమ వర్ధమాన ఆటగాడి పురస్కారం అతనికే లభించింది. అదే ఏడాది అక్టోబరు 9న ఢిల్లీలో బంగ్లాదేశ్‌పై 34 బంతుల్లో 74 పరుగులు చేసి, రెండు వికెట్లు కూడా తీశాడు.

2025 ఐపీఎల్ కోసం సన్‌రైజర్స్ అతణ్ణి 6 కోట్లకు అట్టిపెట్టుకుంది. ధర ముప్ఫై రెట్లు పెరిగింది. అయితే 6 కోట్లు అనే అంకె ఎలా ఏర్పడిందో గమనించాలి. భారత జట్టుకు ఆడకపోయి ఉంటే నిబంధనల ప్రకారం అతణ్ణి 4 కోట్లకు అట్టిపెట్టుకోవచ్చు. అంతర్జాతీయ రంగప్రవేశంతో ఆ వర్గం మారింది. అంతర్జాతీయ క్రికెట్ ఆడిన ఐదుగురిని అట్టిపెట్టుకునే జట్టు నిధి నుండి 75 కోట్లు తగ్గుతాయి. ఆ మొత్తాన్ని ఐదుగురికి ఎలా పంచాలన్నది జట్టు ఇష్టం. క్లాసెన్‌కు 23, కమిన్స్‌కు 18, అభిషేక్ శర్మ, ట్రావిస్ హెడ్‌లకు చెరి 14 కోట్లు పోగా మిగిలింది సరిగ్గా 6 కోట్లు. అనగా నితీశ్ ధరలో అతని ప్రతిభతో పాటు తక్కిన నలుగురి ధరల ప్రభావమూ ఉంది.

తరువాతి పరిణామాలు ఈ అభిప్రాయాన్ని బలపరుస్తాయి. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో ఎనిమిదో స్థానంలో దిగి అతడు 114 పరుగులు చేశాడు. అప్పటికే ఒప్పందం ముగిసినందున ఆ శతకం ధరకు చేరలేదు. 2025 జనవరిలో పక్కటెముకల కండరాల గాయం బాధించింది. ఆ ఏటి ఐపీఎల్‌లో 13 మ్యాచ్‌లలో 182 పరుగులే చేశాడు. బౌలింగు అవకాశాలు బహు స్వల్పం. జట్టు రెండు నైపుణ్యాలను ఆశించి ధర కట్టింది. గాయానంతరం ఒక నైపుణ్యం దాదాపు పక్కకు తప్పుకుంది. దీన్ని ప్రతిభా క్షీణతగా కాక, ఆల్‌రౌండర్ ఒప్పందంలో సహజంగా ఉండే ప్రమాదంగా గుర్తించాలి.

4. త్రిపురాన విజయ్: కనీస ధర చెప్పేది ఏమిటి?

శ్రీకాకుళం జిల్లాకు చెందిన ఆఫ్‌స్పిన్ ఆల్‌రౌండర్ త్రిపురాన విజయ్‌ను 2024 నవంబరులో జెడ్డాలో జరిగిన వేలంలో ఢిల్లీ క్యాపిటల్స్ కనీస ధర అయిన 30 లక్షలకు తీసుకుంది. కనీస ధర అంటే తక్కువ ప్రతిభ అని కాదు. ఆ క్షణంలో మరో జట్టు పోటీకి రాలేదని మాత్రమే దాని అర్థం. అంతకుముందు వేలంలో నితీశ్‌కు దక్కింది కూడా నాటి కనీస ధరయే.

ఇక్కడ 2025 నుండి అమలైన మ్యాచ్ ఫీజును లెక్కలోకి తీసుకోవాలి. తుది జట్టులో ఆడిన ప్రతి మ్యాచ్‌కు ఆటగానికి ఏడున్నర లక్షలు అదనంగా లభిస్తాయి. నాలుగు మ్యాచ్‌ల ఫీజు 30 లక్షలు, అనగా పూర్తి ఒప్పందంతో సమానం. పద్నాలుగు లీగ్ మ్యాచ్‌లూ ఆడితే 1 కోటి 5 లక్షలు. కోట్ల ఒప్పందం గల ఆటగానికి ఈ ఫీజు స్వల్ప చేర్పు మాత్రమే. కనీస ధర ఆటగానికి అదే ప్రధాన ఆదాయం కాగలదు. కనుక కనీస ధర ఆటగాడు అడగవలసిన ప్రశ్న ‘ఎంత ధర’ అన్నది కాదు, ‘ఈ జట్టులో నా స్థానానికి ఎందరు పోటీ’ అన్నది.

దేశవాళీ క్రికెట్‌తో పోలిక మరింత స్పష్టతనిస్తుంది. ఇరవై మ్యాచ్‌లలోపు అనుభవం గల రంజీ ఆటగానికి తుది జట్టులో ఉంటే రోజుకు 40 వేల రూపాయలు, అంటే నాలుగు రోజులకు 1 లక్షా 60 వేలు లభిస్తాయి. నైపుణ్యాన్ని నిర్మించేది ఈ సుదీర్ఘ క్రికెట్టే అయినా, ప్రతిఫలం అధికంగా దక్కేది పొట్టి క్రికెట్‌లో. విజయనగరంలోని డాక్టర్ పి.వి.జి. రాజు క్రీడా ప్రాంగణం వంటి మైదానాల్లో రూపుదిద్దుకునే యువకులు ఈ వైరుధ్యాన్ని ఎదుర్కోక తప్పదు.

5. ముగింపు

పై పరిశీలన నుండి మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, యువ ఆల్‌రౌండర్ ప్రదర్శనను మొత్తం పరుగులతో గాక, ఎదుర్కొన్న బంతులు, వేసిన ఓవర్లు, దిగిన స్థానం ఆధారంగా లెక్కించాలి. రెండవది, రెండు నైపుణ్యాలూ ఒకే మ్యాచ్‌లో ఎంత తరచుగా ఉపయోగపడ్డాయో విడిగా చూడాలి. మూడవది, ఒప్పందపు ధరలో నియమాల వాటా ఎంత, పోటీ వాటా ఎంత, ప్రతిభ వాటా ఎంత అన్నది వేరుచేసి చూడాలి. ఈ వివేచన లేనప్పుడు 30 లక్షలకు అమ్ముడైన యువకుణ్ణి తక్కువగా, 6 కోట్ల యువకుణ్ణి విఫలునిగా చూసే ప్రమాదం ఉంది. ఆ రెండు తీర్పులూ వారి ఆటకు న్యాయం చేయవు. ధర ఒక వేళ, ఒక నియమావళి కింద, ఒక జట్టు అవసరాన్ని బట్టి ఏర్పడేది. ఆటగాని విలువను నిర్ణయించేది అతనికి లభించిన అవకాశాలలో అతడు చేసిన పని.