సెకండ్‌హ్యాండ్ విల్లు... కొందామా, వద్దా?

సెకండ్‌హ్యాండ్‌లో ఫోన్ కొంటాం, బైక్ కొంటాం. మరి విల్లు? నెల రోజులు మా ఇంట్లో ఇదే చర్చ.

మాది పుంగనూరు. నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. మదనపల్లెలో ఇంటర్ చదువుతున్న మా చిన్నాన్న కూతురికి ఆర్చరీ పిచ్చి పట్టింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ కాంపౌండ్ విల్లుతో మూడు స్వర్ణాలు కొట్టింది కదా, ఆ వీడియోలన్నీ దాని ఫోన్‌లోనే ఉన్నాయి. దానికి తోడు 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో తొలిసారి కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పోటీ పెడుతున్నారు. ఇంక ఆగుతుందా!

సరిగ్గా అప్పుడే కుప్పంలో ఒకాయన తన కాంపౌండ్ విల్లు అమ్మేస్తున్నాడని తెలిసింది. ధర 45 వేలు. "కొత్తది దీనికి రెండింతలుంటుంది బ్రదర్" అన్నాడు ఫోన్‌లో. "అన్నా, నువ్వు కొనిస్తే వచ్చే ఏడాది పోటీలకు పోతా" అంది చెల్లి. "టమోటాకు రేటు పలికితే సగం నేనిస్తాలేరా" అన్నాడు చిన్నాన్న. టమోటా రేటును నమ్ముకుని మాటిచ్చాడంటే, కూతురి మీద ఆయనకు ఎంత ఆశ ఉందో అర్థమైంది.

బావి గిలక లాంటి ఐడియా

మామూలు విల్లును లాగేకొద్దీ బరువు పెరుగుతూనే ఉంటుంది. తీరా గురి చూసే టైమ్‌కి చేతులు వణుకుతాయి. అమెరికాలోని మిస్సోరీకి చెందిన హోలెస్ విల్బర్ అలెన్ దీనికి విరుగుడు కనిపెట్టాడు. విల్లు పైకొసన, కింది కొసన బావి గిలకల్లాంటి చక్రాలు పెట్టాడు. 1969లో పేటెంట్ వచ్చింది. ఈ చక్రాలనే ఇప్పుడు క్యామ్‌లు అంటున్నారు.

మొదట గట్టిగా లాగాలి. ఆ తర్వాత క్యామ్ తిరిగి బరువు దిగిపోతుంది. దీని పేరు లెట్-ఆఫ్. 50 పౌండ్ల విల్లుకు 75 శాతం లెట్-ఆఫ్ ఉందనుకోండి, పూర్తిగా లాగాక చేతిలో నిలిచేది 12.5 పౌండ్లే. అంటే 22 కిలోలకు పైగా లాగి, ఆరు కిలోల లోపు బరువుతో నింపాదిగా గురి చూసుకోవచ్చు.

మెలిక కూడా ఇక్కడే ఉంది. మామూలు విల్లును ఎవరి చేయి పొడవును బట్టి వాళ్లు లాగుకోవచ్చు. కాంపౌండ్ అట్లా కాదు. ఎంత దూరం లాగాలో క్యామ్ ముందే నిర్ణయిస్తుంది. అక్కడికి రాగానే గోడ తగిలినట్టు ఆగిపోతుంది. ఈ దూరమే డ్రా లెంగ్త్.

కుప్పంలో ఏం చూశామంటే

ఆదివారం పొద్దున బస్సుకు చెల్లి పుంగనూరు వచ్చేసింది. బండి మీద పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం పోయాం. జేబులో దూది, కొలిచే టేపు పెట్టుకున్నా.

మొదట లింబ్‌లు చూడాలి. విల్లుకు పైనా కిందా వంగే రెండు చేతులు ఇవే. దూదిని వాటి అంచుల వెంట మెల్లగా రుద్దాలి. ఎక్కడైనా పోగు చిక్కుకుందంటే అక్కడ కంటికి కనిపించని పగులు ఉండొచ్చు. పగిలిన లింబ్ లాగేటప్పుడు విరిగితే దెబ్బ తగిలేది ముఖానికే.

తర్వాత అల్లెతాడు, కేబుళ్లు. పోగులు లేచాయా, చుట్టిన దారం వదులైందా చూడాలి. ఈయన నాలుగేళ్లుగా తాడు మార్చలేదు. మార్చాలంటే చాలా మోడళ్లకు బో ప్రెస్ అనే యంత్రం కావాలి. మా మూడు ఊళ్లలో అది ఉన్న షాపు నాకు దొరకలేదు.

మూడోది క్యామ్‌లు. వంగాయా, ఊగుతున్నాయా, రెండూ ఒకేసారి ఆగుతున్నాయా అన్నది చూడాలి.

నాలుగోది ఒక ప్రశ్న: "ఎప్పుడైనా బాణం లేకుండా లాగి వదిలారా?" బాణంతో పోవాల్సిన శక్తంతా అప్పుడు విల్లులోకే తిరిగి వస్తుంది. ఒక్కసారి చాలు, లింబ్‌లు, క్యామ్‌లు పాడవడానికి. "లేదు బ్రదర్, ఒట్టు" అన్నాడాయన. దూది కూడా ఎక్కడా చిక్కుకోలేదు. తాడు తప్పిస్తే విల్లు బాగానే ఉంది.

పక్కనున్న ఒకాయన మాత్రం "దీంతో అడివిపందుల్ని కూడా కొట్టొచ్చు" అన్నాడు. కౌండిన్య అభయారణ్యం పక్కనే పెట్టుకుని ఈ మాట! 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి తుపాకీ అయినా విల్లయినా ఒకటే. అనుమతి లేని వేట నేరం.

టేపు చెప్పిన లెక్క

రెండు చేతులూ బార్లా చాపి, ఒక వేలి కొస నుంచి ఇంకో వేలి కొస దాకా కొలవాలి. అంగుళాల్లో వచ్చిన దాన్ని 2.5తో భాగిస్తే సుమారుగా డ్రా లెంగ్త్ తెలుస్తుంది. చెల్లి బార 61 అంగుళాలు. అంటే డ్రా లెంగ్త్ 24.4. ఆ విల్లును సర్దగలిగేది 27 నుంచి 30 దాకానే. బరువు 50 నుంచి 60 పౌండ్లు. పెద్దల అంతర్జాతీయ పోటీల్లో కూడా 60 పౌండ్లే గరిష్ఠం. కొత్తగా నేర్చుకునే పిల్ల లాగే బరువా అది?

తమాషా ఏమిటంటే, నా బార 70 అంగుళాలు. నా లెక్క సరిగ్గా 28. విల్లు నాకు అతికినట్టు సరిపోతుంది! చెల్లి పేరు చెప్పి కొని, వీకెండ్‌లో నేనే వేసుకుంటే పోలా అనే ఆలోచన రాలేదంటే అబద్ధం.

"పెరిగే పిల్లే కదా, సరిపోతుందిలే" అన్నాడాయన. మనకు అలవాటైన మాటే. స్కూల్ యూనిఫాం రెండు సైజులు పెద్దది కొని చేతులు మడిచే జాతి మనది. విల్లుకు మడత ఉండదు. పొడవు ఎక్కువైతే నడుము వెనక్కి వంగుతుంది, తాడు ముంజేతికి కొడుతుంది, భుజం దెబ్బతింటుంది. అలవాటైన తప్పు భంగిమను మాన్పించడం కోచ్‌కీ కష్టమే. కాంపౌండ్ పోటీలో గురి 50 మీటర్ల దూరం. పది పాయింట్ల వలయం వెడల్పు 8 సెంటీమీటర్లే. అక్కడ మూడు అంగుళాల తేడాను సర్దుకుపొమ్మంటే కుదరదు.

పైగా 45 వేలతో అయిపోదు. కొత్త తాడు, దాని పొడవుకు తగ్గ బాణాలు, తాడును వదిలే రిలీజ్ పరికరం, బాణాలను ఆపే దిమ్మె కావాలి. అన్నిటికీ మించి, గురి తప్పినా వెనక మనిషి, పశువు లేని ఖాళీ స్థలం కావాలి. మిద్దె మీద ఆడే ఆట కాదిది.

చివరికి...

కొనలేదు. చెల్లి పలమనేరు దాకా మాట్లాడలేదు. అక్కడ టీ తాగుతూ "మా ఊరి ఆవును చూడు, పొట్టిదని ఎవరైనా తక్కువ చేస్తారా? నీ కొలతకు తగ్గ విల్లే తెద్దాం" అన్నా. "ఆవుతో పోలుస్తావా అన్నా!" అని నవ్వేసింది.

ఇప్పుడు ప్లాన్ ఇదీ. మన దేశంలో ఇండియన్ రౌండ్ అని వెదురు విల్లుతో ఆడే పోటీలున్నాయి. 30, 50 మీటర్ల దూరాలు. సెలవుల్లో కోచ్ దగ్గర దాంతోనే మొదలుపెడుతుంది. భుజం గట్టిపడ్డాక, ఏ కన్ను గురికి బలమైనదో, ఏ చేత్తో లాగాలో తేలాక, కోచ్ రాసిచ్చిన కొలతతో కాంపౌండ్ వెతుకుతాం. అప్పుడు సెకండ్‌హ్యాండ్‌దైనా పర్లేదు. నా వాటా డబ్బు పక్కన పెట్టేశా. చిన్నాన్న వాటాకు టమోటా దయ ఉండాలి.

మీరూ పాత విల్లు చూడ్డానికి పోతుంటే, ధర అడిగే ముందు టేపు తీయండి. కొలత కుదరకపోతే దూది బయటికి తీసే పనే లేదు.