ఆట ఒక డ్రైవులో, పొలం మరో డ్రైవులో

(కమ్యూనిటీ రేడియోలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

నేను రియాద్‌లో ఐటీ కన్సల్టెంటుగా పని చేస్తున్నాను. కంప్యూటరు ఆటల గురించి రేడియోలో మాట్లాడటమేమిటని పెద్దవాళ్ళు నవ్వుకోవచ్చు. మీ ఇంట్లో పదేళ్ళు దాటిన పిల్లాడో పిల్లో ఉంటే మాత్రం కాస్త ఓపిక పట్టండి. ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉంది, దాన్ని ఒప్పుకోవడానికే ఈ అవకాశం తీసుకున్నాను.

రియాద్‌లో ఉన్నవాళ్ళకు బతా గురించి చెప్పనక్కర్లేదు. దూరాన ఉన్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. నగరం పాత భాగంలో, మస్మక్ కోటకు దగ్గర్లో ఉండే బజారు అది. సెలవురోజు సాయంత్రం అయిందంటే మనవాళ్ళు, మలయాళీలు, బంగ్లాదేశీలు, ఫిలిపినోలు అందరూ అక్కడే కలుస్తారు. 2024 డిసెంబరులో మెట్రో మొదలయ్యాక బతాకు వెళ్ళడం ఇంకా తేలికైంది. నేను బ్యాచిలర్‌గా ఉన్న రోజుల్నుంచీ శుక్రవారం సాయంత్రం అక్కడికి వెళ్ళడం అలవాటు. చాయ్ తాగుతూ నిలబడితే చాలు, ఎవరో ఒకరు "కంప్యూటరు నెమ్మదిగా నడుస్తోంది, కాస్త చూస్తారా" అని పలకరిస్తారు.

అలా పరిచయమైనవాడే జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక అన్న. ఆయనకు పదమూడేళ్ళ కొడుకు. ఆ అబ్బాయి కంప్యూటరు ఒక్కసారిగా కొన్నది కాదు. కేబినెట్టు ఒక నెల, మెమరీ ఇంకో నెల, ఇలా ముక్క ముక్కగా బతాలో కొని బిగించింది. అందులో విండోస్ కోసం 120 జీబీల చిన్న డిస్కు ఒకటి, అది సి డ్రైవు. తర్వాత కొన్న 500 జీబీల ఎస్‌ఎస్‌డీ, అది డి డ్రైవు. పాత లాప్‌టాప్‌లోంచి తీసిన హార్డ్ డిస్కు ఇ డ్రైవు. మన గల్ఫ్ ఇళ్ళలో చాలా కంప్యూటర్లు ఇలాగే పెరుగుతాయి.

అబ్బాయి ఆడే ఆట పేరు స్టార్‌డ్యూ వ్యాలీ. ఎరిక్ బరోన్ అనే ఆయన ఒక్కడే కూర్చుని తయారు చేసి 2016లో విడుదల చేశాడు. తుపాకులు, యుద్ధాల ఆట కాదు. తాత వదిలి వెళ్ళిన పొలాన్ని మనవడు బాగు చేసుకోవడమే కథ. దున్నాలి, నీళ్ళు పెట్టాలి, పంట అమ్ముకోవాలి. ఈ అబ్బాయి తన పొలానికి వాళ్ళ తాత ఊరి పేరే పెట్టుకున్నాడు.

ఇక మాడ్ అంటే ఏమిటి? ఆట తయారు చేసినవాళ్ళు కాకుండా ఆడేవాళ్ళలో ఎవరో చేసి పెట్టిన అదనపు హంగు. యూరో ట్రక్ సిమ్యులేటర్ అనే ఆటలో మన పిల్లలు ఆర్టీసీ బస్సు పెట్టుకుని నడుపుతుంటారు చూడండి, ఆ బస్సు ఒక మాడ్. ఇలాంటివి నాలుగైదు ఉంటే చేత్తోనే సర్దుకోవచ్చు. యాభై, అరవై అయ్యాయంటే ఏది ఎక్కడ పెట్టామో మనకే గుర్తుండదు. వాటిని పెట్టడానికి, తీయడానికి ఉన్న ప్రోగ్రామే మాడ్ మేనేజరు. ఎక్కువమంది వాడేవాటిలో వోర్టెక్స్ ఒకటి.

అబ్బాయి వోర్టెక్స్ పెట్టుకున్నాడు కానీ మాడ్లు ఆటలోకి ఎక్కడం లేదు. సి డ్రైవేమో నిండిపోయింది. "అంకుల్, డి డ్రైవులో బోలెడు చోటు ఉంది, అయినా ఎందుకు పని చేయదు?" అని అడిగాడు. మంచి ప్రశ్న. అసలు విషయం ఇక్కడే ఉంది.

వోర్టెక్స్ దగ్గర రెండు గోదాములుంటాయి. మొదటిది డౌన్‌లోడ్ ఫోల్డరు. నెట్ నుంచి దిగిన జిప్ ఫైళ్ళు ఇందులో ఉంటాయి. రెండోది స్టేజింగ్ ఫోల్డరు. ఆ జిప్పులు విప్పిన సరుకు ఇందులో ఉంటుంది. మనం డిప్లాయ్ అనే బొత్తాం నొక్కితే స్టేజింగ్ ఫోల్డరులోని ఫైళ్ళు ఆట ఫోల్డరులో కూడా కనిపిస్తాయి. అవి కాపీలు కావు. హార్డ్ లింకులు అంటారు వీటిని.

మన ఊరి లెక్కలో చెబుతాను. ఒక మడికి ఒక సర్వే నంబరు ఉంటుంది. ఆ మడిని ఒకరు చింతచెట్టు మడి అంటారు, ఇంకొకరు బావికాడి మడి అంటారు. పేర్లు రెండు, నేల ఒకటే. హార్డ్ లింకు కూడా అంతే. డిస్కు మీద సరుకు ఒకటే, దానికి స్టేజింగ్ ఫోల్డరులో ఒక పేరు, ఆట ఫోల్డరులో ఇంకో పేరు. అందుకే చోటు రెండింతలు పట్టదు. కానీ సర్వే నంబరు ఆ ఊరి రికార్డులోనే చెల్లుతుంది. పక్క ఊరి రికార్డులో అదే నంబరు ఇంకెవరిదో మడి. సి డ్రైవు ఒక ఊరు, డి డ్రైవు ఒక ఊరు. ఒకే డిస్కును రెండు భాగాలు చేసి సి, డి అని పెట్టుకున్నా అవి వేర్వేరు ఊళ్ళ కిందే లెక్క. ఆట డి డ్రైవులో, స్టేజింగ్ ఫోల్డరు సి డ్రైవులో ఉంటే హార్డ్ లింకు కుదరదు. అబ్బాయికి వచ్చిన చిక్కు ఇదే.

కాబట్టి గుర్తుంచుకోవలసిన సూత్రం: ఆట, దాని స్టేజింగ్ ఫోల్డరు ఒకే డ్రైవులో ఉండాలి. డౌన్‌లోడ్ ఫోల్డరు ఎక్కడున్నా ఫరవాలేదు. ఆ శుక్రవారం మేము ఇలా సర్దాం. వోర్టెక్స్ సెట్టింగ్స్‌లో మాడ్స్ అనే ట్యాబు తెరిచి, స్టేజింగ్ ఫోల్డరును డి డ్రైవుకు మార్చాం. అక్కడే సజెస్ట్ అనే బొత్తాం ఉంటుంది, నొక్కితే ఆట ఉన్న డ్రైవులోనే ఒక చోటు తనే చూపిస్తుంది. స్టేజింగ్ ఫోల్డరును ఆట ఫోల్డరు లోపల మాత్రం పెట్టకూడదు, పక్కన పెట్టాలి. తర్వాత డౌన్‌లోడ్స్ ట్యాబులో డౌన్‌లోడ్ ఫోల్డరును ఇ డ్రైవుకు మార్చాం. జిప్పులకు వేగం అక్కర్లేదు, పాత హార్డ్ డిస్కు చాలు. మీకు రెండు ఆటలు రెండు డ్రైవుల్లో ఉన్నా ఇబ్బంది లేదు. స్టేజింగ్ ఫోల్డరు ఒక్కో ఆటకు విడివిడిగా పెట్టుకోవచ్చు.

ఇంకో మూడు జాగ్రత్తలు. ఒకటి, డ్రైవు ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాటై ఉండాలి. బజారులో కొనే బయటి డ్రైవులు కొన్ని ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి, వాటిలో హార్డ్ లింకులు ఉండవు. రెండు, ఆటను ఇంకో డ్రైవుకు మార్చాలంటే ముందు వోర్టెక్స్‌లో పర్జ్ నొక్కి లింకులన్నీ తీసేయండి. ఆట మార్చండి, స్టేజింగ్ ఫోల్డరు మార్చండి, ఆ తర్వాతే మళ్ళీ డిప్లాయ్ చేయండి. మూడు, స్టేజింగ్ ఫోల్డరును ఎక్స్‌ప్లోరరులో చేత్తో జరపవద్దు, చెరపవద్దు. ఆ పని వోర్టెక్స్ చేతనే చేయించండి.

సింబాలిక్ లింకు అని ఇంకో రకం ఉంది, అది డ్రైవు దాటి కూడా పని చేస్తుంది. బతాలో ఖాళీ చేసిన కొట్టుకు "మా దుకాణం పక్క వీధికి మారినది" అని బోర్డు వేలాడదీస్తారే, అలాంటిది. కానీ పక్క వీధి పేరు మారిందా, ఆ బోర్డు పట్టుకుని వెళ్ళినవాడు తిరుగుతూనే ఉంటాడు. పైగా విండోస్ దీనికి అదనపు అనుమతులు అడుగుతుంది, కొన్ని ఆటలు ఒప్పుకోవు. వీలైతే జోలికి పోవద్దు. స్కైరిమ్ లాంటి పెద్ద ఆటలు ఆడేవాళ్ళకు మాడ్ ఆర్గనైజర్ అని మరో మేనేజరు ఉంది. అది అసలు ఆట ఫోల్డరును ముట్టుకోదు. ఆట నడిచేటప్పుడు మాడ్లు అక్కడే ఉన్నట్టు ఆటకు చూపిస్తుంది. అందువల్ల మాడ్లు వేరే డ్రైవులో ఉన్నా నడుస్తుంది. కాకపోతే ఆటను ప్రతిసారీ ఆ మేనేజరులోంచే తెరవాలి.

ఇంతవరకు నేను చెప్పినవాడిని, తెలిసినవాడిని. ఇక నా తప్పు.

సౌదీలో 2017 జూలై నుంచి కుటుంబ సభ్యులకు తలకు నెలకు 100 రియాళ్ళ ఫీజు పెట్టిన సంగతి మీలో చాలామందికి అనుభవమే. ఏటా 100 చొప్పున పెరిగి 2020 జూలైకి 400 అయింది. ఈ అన్నకు భార్య, ఇద్దరు పిల్లలు. అంటే నెలకు 1,200 రియాళ్ళు. రెండేళ్ళు ఎలాగో నెట్టుకొచ్చి, 2022 వేసవిలో వాళ్ళను ఇంటికి పంపాడు. కంప్యూటరు మోసుకెళ్ళడం ఎక్కడ కుదురుతుంది? డి డ్రైవు ఎస్‌ఎస్‌డీ ఒక్కటి తీసి, యూఎస్‌బీ డబ్బాలో పెట్టి అబ్బాయి చేతి సంచీలో వేశాం. మిగతాది బతాలో అమ్మేద్దామన్నారు. అమ్మే ముందు సొంత ఫోటోలు, కాగితాలు ఎవరి చేతిలోనూ పడకూడదని నేనే సి డ్రైవు పూర్తిగా తుడిచేశాను. "ఆట మొత్తం డి డ్రైవులోనే ఉందిలే" అని ధీమా.

వారం తర్వాత అన్న ఫోను. "తమ్మీ, పిల్లగాడు రెండు దినాల సంది సక్కగ తింటలేడు. ఆట తెరిస్తే పొలం లేదంటుండు." అక్కడ మేనమామ లాప్‌టాప్‌కు డ్రైవు తగిలిస్తే ఆట తెరుచుకుంది. వోర్టెక్స్ లేకపోయినా మాడ్లు కూడా ఉన్నాయి, హార్డ్ లింకులు ఆ డ్రైవులోనే కదా. లేనిది మూడేళ్ళుగా పండించిన పొలం మాత్రమే.

నాకు అప్పుడు వెలిగింది. ఈ ఆట తన సేవ్ ఫైళ్ళను ఆట ఫోల్డరులో పెట్టదు. సి డ్రైవులో యాప్‌డేటా అనే దాగి ఉండే ఫోల్డరులో, రోమింగ్ లోపల, స్టార్‌డ్యూ వ్యాలీ పేరుతో పెడుతుంది. నేను తుడిచింది అదే. కంప్యూటరు అప్పటికే అమ్ముడుపోయింది. ఆట కూడా విడిగా ఇన్‌స్టాలరు దింపుకుని పెట్టుకున్నది, క్లౌడులో నకలు లేదు. మాడ్లు ఎన్నైనా మళ్ళీ దింపుకోవచ్చు. అబ్బాయి చేతులారా చేసుకున్నది ఆ ఒక్క ఫైలే, జాగ్రత్త చేయకుండా వదిలేసింది నేను. అబ్బాయి నన్ను ఒక్క మాట అనలేదు. "పర్లేదు అంకుల్" అన్నాడు. ఆ మాట విన్నాక రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు ఒక సంగతి గుర్తొచ్చింది. స్టార్‌డ్యూలో మాడ్లు నడవాలంటే స్మాపీ అనే ప్రోగ్రాము కావాలి. దానితోపాటే సేవ్ బ్యాకప్ అనే చిన్న మాడ్ వస్తుంది. అది సేవ్ ఫైళ్ళను రోజుకొకసారి జిప్ చేసి ఆట ఫోల్డరులోనే దాస్తుంది, చివరి పది నకళ్ళు ఉంచుతుంది. ఆట ఫోల్డరు ఉన్నది డి డ్రైవులో! వెంటనే ఫోను చేశాను. సేవ్ బ్యాకప్స్ అనే ఫోల్డరు ఉందేమో చూడమన్నాను. కాసేపు మౌనం. "ఉంది అంకుల్, పది జిప్పులున్నాయి." రన్ డబ్బా తెరిచి, పర్సెంటు గుర్తు, యాప్‌డేటా, మళ్ళీ పర్సెంటు గుర్తు కొట్టమని, అక్కడి సేవ్స్ ఫోల్డరులో ఆఖరి జిప్పు విప్పించాను. చివరి రోజు ఆట పోయింది. మిగిలిన పొలం అంతా వచ్చింది.

అందుకని శ్రోతలకు నా విన్నపం. కంప్యూటరు అమ్మే ముందు, మార్చే ముందు, ఇంటికి పంపే ముందు పిల్లలతో కూర్చుని ఒక కాగితం మీద నాలుగు వరుసలు రాయండి. ఆట ఏ డ్రైవులో? స్టేజింగ్ ఫోల్డరు ఏ డ్రైవులో? డౌన్‌లోడ్లు ఎక్కడ? సేవ్ ఫైళ్ళు ఎక్కడ? మొదటి మూడూ మనం పెట్టిన చోటే ఉంటాయి. నాలుగోది ఆట తన ఇష్టప్రకారం పెడుతుంది, సాధారణంగా సి డ్రైవులో యాప్‌డేటాలోనో డాక్యుమెంట్స్‌లోనో ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకుని, ఇంకో డ్రైవులో ఒక కాపీ పెట్టాకే సి డ్రైవు మీద చెయ్యి వేయండి. అలాగే బయటి డ్రైవు కొత్త కంప్యూటరులో వేరే అక్షరంతో కనిపించవచ్చు. వోర్టెక్స్ మళ్ళీ పెట్టుకునే ముందు డిస్క్ మేనేజ్‌మెంటులోకి వెళ్ళి పాత అక్షరమే ఇవ్వండి.

అన్న ఇప్పటికీ బతాలోనే ఉన్నాడు. శుక్రవారం సాయంత్రాలు కొడుకుతో వీడియో కాల్ చేస్తాడు. మొన్న నన్ను పిలిచి ఫోను చూపించాడు. అబ్బాయి తెర మీద తన పొలం చూపిస్తున్నాడు, గుమ్మడికాయలు కాసి ఉన్నాయి. "కాపీ తీసినవా బిడ్డా?" అని అడుగుతున్నాడు తండ్రి.