పాత పాదచారుల వంతెన భూకంపాన్ని తట్టుకోవాలంటే

2025 ఫిబ్రవరి 17 తెల్లవారుజామున 5 గంటల 36 నిమిషాలకు దేశ రాజధాని ఉలిక్కిపడి నిద్రలేచింది. భూకంప పరిమాణం 4.0 మాత్రమే. కానీ భూకంప కేంద్రం నగరం నడుమనే, ధౌలా కువాఁ ప్రాంతంలో, కేవలం 5 కిలోమీటర్ల లోతున ఉండటంతో కుదుపు బలంగా తెలిసింది. పెద్ద నష్టమేమీ జరగలేదు. అయితే ఇంతకంటే తీవ్రమైన ప్రకంపన వస్తే నగరంలోని పాత కట్టడాలు ఏ మేరకు నిలుస్తాయన్న ప్రశ్న మరోసారి ముందుకు వచ్చింది. ఇళ్లు, ఆసుపత్రులు, ఫ్లైఓవర్ల గురించి జరిగినంత చర్చ రోడ్ల మీది పాదచారుల వంతెనల గురించి జరగడం లేదు.

ధౌలా కువాఁకు దక్షిణాన ఉన్న వసంత్ కుంజ్‌నే ఉదాహరణగా తీసుకోవచ్చు. ఢిల్లీ అభివృద్ధి సంస్థ ఇళ్ల సముదాయాలతో 1980వ దశకంలో రూపుదిద్దుకున్న ఈ ప్రాంతంలో ఇండియన్ స్పైనల్ ఇంజరీస్ సెంటర్ సహా ముఖ్యమైన ఆసుపత్రులు ఉన్నాయి. భూకంపం వచ్చిన మరుక్షణం నుంచి క్షతగాత్రులను తరలించవలసినది ఇక్కడి రహదారుల మీదుగానే. ఇలాంటి దారిపై పాదచారుల వంతెన కూలితే దాని మీద ఉన్నవారికే కాక, ఆ దారిన రావలసిన అంబులెన్సుకూ, అగ్నిమాపక వాహనానికీ ఆటంకం కలుగుతుంది.

ముప్పు ఏ స్థాయిలో ఉంది?

భారత ప్రమాణాల సంస్థ రూపొందించిన ఐఎస్ 1893 నిబంధనావళి 2016 నాటి పటం ప్రకారం ఢిల్లీ నాలుగో భూకంప మండలంలో ఉంది. ఈ మండలానికి నిర్దేశించిన గుణకం 0.24. అంటే పరిగణనలోకి తీసుకునే అత్యంత తీవ్ర భూకంపంలో నేల కదలిక వేగం పెరిగే తీరు గురుత్వ త్వరణంలో 24 శాతం వరకూ ఉండవచ్చని అంచనా. 1960 ఆగస్టు 27న ఢిల్లీ, గురుగ్రామ్ పరిసరాల్లో సుమారు 6 పరిమాణంతో భూకంపం సంభవించింది. 1999 మార్చిలో ఎక్కడో హిమాలయాల్లోని చమోలీలో భూమి కంపిస్తే ఢిల్లీలోనూ కొన్ని భవనాలు బీటలు వారాయి.

నేల స్వభావాన్ని బట్టి కుదుపు మారుతుంది. యమునా తీరంలోని మెత్తని ఒండ్రు నేలలు ప్రకంపనలను పెంచుతాయి. వసంత్ కుంజ్ పరిసరాల్లో ఆరావళి పర్వతశ్రేణికి చెందిన గట్టి క్వార్ట్‌జైట్ శిల ఉంది. ఇది కొంత ఊరటే. అయితే శిల మీద నిలిచిన స్తంభానికీ, పూడ్చిన మట్టిలో దిగిన స్తంభానికీ వర్తించే లెక్క ఒకటి కాదు. అందుచేత ప్రతి స్తంభం వద్దా పునాదిని విడిగా పరీక్షించవలసి ఉంటుంది.

బలహీనత కీళ్ల వద్దే

భూకంప బలం కట్టడం బరువును అనుసరించి పెరుగుతుంది. ఆ లెక్కన తేలికైన ఉక్కు పాదచారుల వంతెన భారీ ఫ్లైఓవర్ కన్నా సురక్షితమనిపిస్తుంది. కానీ ప్రమాదం సాధారణంగా భాగాలు కలిసే చోట పొంచి ఉంటుంది.

రెండు పీటల మీద ఒక పొడవాటి బల్లను ఉంచారనుకుందాం. పీటలు రెండూ ఒకేసారి ఒకే దిశలో కదలకపోతే బల్ల అంచు జారి కింద పడుతుంది. బల్ల విరగలేదు, పీట కూలలేదు, ఆనుడు మాత్రమే చాలలేదు. 1989 అక్టోబరు 17న అమెరికాలో సంభవించిన లోమా ప్రియెటా భూకంపంలో శాన్‌ఫ్రాన్సిస్కో, ఓక్లాండ్ నగరాలను కలిపే బే బ్రిడ్జి పై అంతస్తులో సుమారు 15 మీటర్ల భాగం ఇలాగే ఆధారం తప్పి కింది అంతస్తుపై పడింది.

అందుకే నాలుగు, ఐదు మండలాల్లోని వంతెనలకు దూలం స్తంభంపై కనీసం ఎంత మేర ఆనాలో మన నిబంధనలు సూత్రబద్ధంగా చెబుతున్నాయి. 305 మిల్లీమీటర్లకు, మీటర్లలో కొలిచిన దూలం పొడవును 2.5తోనూ, స్తంభం ఎత్తును 10తోనూ హెచ్చించి కలపాలి. 30 మీటర్ల దూలం, 6 మీటర్ల స్తంభాలు ఉన్న వంతెనకు ఇది 440 మిల్లీమీటర్లు అవుతుంది. ఈ నిబంధనలు రాకముందు కట్టిన వంతెనల్లో ముందుగా కొలిచి చూడవలసినది ఈ ఆనుడునే.

స్తంభం అడుగున ఉక్కు పలకను పునాదికి బిగించే బోల్టులు రెండో బలహీన స్థానం. వాననీరు నిలిచి, తుప్పు పట్టి, అవి పైకి కనిపించకుండానే సన్నబడతాయి. మెట్ల వరుసలు, తరువాతి కాలంలో చేర్చిన లిఫ్టు గోపురాలు మూడోవి. వంతెన ఊగే లయ వేరు, లిఫ్టు గోపురం ఊగే లయ వేరు. రెండింటి మధ్య తగిన ఖాళీ లేకపోతే ఒకదాన్నొకటి ఢీకొంటాయి. పైకప్పులు, ప్రకటన బోర్డులు తొలి లెక్కలో లేని బరువును జోడిస్తాయి.

బలోపేతం ఎలా?

తొలి మెట్టు తనిఖీ. ఉక్కు మందాన్ని అల్ట్రాసోనిక్ పరికరంతో కొలుస్తారు. కాంక్రీటు లోపలి కడ్డీలకు తుప్పు ఏ మేరకు పట్టిందో విద్యుత్ పరీక్షతో అంచనా వేస్తారు. ఈ దశలో పొరపాటుకు మూల్యం భారీగా ఉంటుంది. 2019 మార్చి 14న ముంబయిలో ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ వద్ద పాదచారుల వంతెన కొంత భాగం కూలి పలువురు మరణించారు. దానికి కారణం భూకంపం కాదు. చిన్న మరమ్మతులు చాలని అంతకుముందు జరిగిన తనిఖీలో తేల్చిన వంతెన అది.

తనిఖీ తరువాత తక్కువ ఖర్చుతో ఎక్కువ రక్షణనిచ్చే పనులు ముందు చేపడతారు. స్తంభం తలకు ఉక్కు బ్రాకెట్లు అమర్చి ఆనుడును వెడల్పు చేస్తారు. దూలం జారిపోకుండా ఉక్కు తాళ్లతో స్తంభానికి కట్టి ఉంచుతారు. 1971 నాటి శాన్ ఫెర్నాండో భూకంపం తరువాత కాలిఫోర్నియా తన వంతెనల బలోపేతాన్ని ఇలాంటి కట్లతోనే ప్రారంభించింది. 1995 జనవరి 17న జపాన్‌లోని కోబెలో స్తంభాలు విరిగి హాన్షిన్ ఎక్స్‌ప్రెస్‌వే సుమారు 600 మీటర్ల పొడవున పక్కకు ఒరిగిపోవడంతో స్తంభాలకు ఉక్కు తొడుగులు వేసే విధానానికి ప్రాధాన్యం పెరిగింది. తొడుగు వేసిన కాంక్రీటు స్తంభం పగిలినా ముక్కలుగా రాలిపోదు. వంగి నిలుస్తుంది. ఇరుకైన కాలిబాటల మీద కార్బన్ ఫైబర్ పట్టీలు చుట్టడం అనువైన మార్గం. వాటి మందం, బరువు రెండూ తక్కువే.

తుప్పు పట్టిన బోల్టుల స్థానంలో కొత్తవి దింపడం, లిఫ్టు గోపురాన్ని వంతెన నుంచి విడదీసి మధ్య కదిలే పలకను ఉంచడం, అనవసరపు బోర్డులను తొలగించడం ఆ తరువాతి పనులు. వీటిని రాత్రివేళల్లో, తాత్కాలిక ఆధారాలు నిలిపి చేయవలసి ఉంటుంది. పనులు సాగినన్నాళ్లూ వృద్ధులు, చక్రాల కుర్చీలు వాడేవారు రోడ్డు దాటడానికి సిగ్నలుతో కూడిన దారి చూపడం కూడా ప్రణాళికలో భాగం కావాలి.

తెలుగు రాష్ట్రాలకూ పాఠమే

2024 డిసెంబరు 4 ఉదయం తెలంగాణలోని ములుగు ప్రాంతంలో 5.3 పరిమాణంతో వచ్చిన భూకంపం హైదరాబాద్, విజయవాడ వరకూ తెలిసింది. అదే పటం ప్రకారం హైదరాబాద్ రెండో మండలంలోనూ, విజయవాడ మూడో మండలంలోనూ ఉన్నాయి. ముప్పు ఢిల్లీ కంటే తక్కువైనా, పాత వంతెనల కీళ్లకు పట్టే తుప్పుకు మండలాల తేడా లేదు.

రోజూ వంతెన ఎక్కే పౌరులు కొన్ని గుర్తులను గమనించి స్థానిక అధికారులకు తెలియజేయవచ్చు. ఊడిన బోల్టులు, స్తంభం మొదట్లో తుప్పు చారలు, అతుకుల వద్ద పెరుగుతున్న సందు, పెచ్చులూడి బయటపడిన కడ్డీలు అలాంటివి. భూకంపం ఎప్పుడు వస్తుందో ముందుగా చెప్పే విధానం ఇప్పటికీ లేదు. వంతెన ఏ బోల్టు దగ్గర బలహీనపడిందో మాత్రం ఈరోజే తెలుసుకోవచ్చు.